బొంతలో పండుకుని వచ్చిన గంగమ్మ

మా చిన్నప్పుడు... కుప్పంలో చెక్కించిన గంగమ్మ రాతి విగ్రహాన్ని పుంగనూరు దగ్గరి మా ఊరికి ట్రాక్టర్ ట్రాలీలో తెచ్చుకున్నాం. తొంభైల నాటి మాట. మనిషెత్తు నల్లరాయి... పదిమంది పట్టినా ఒక పట్టాన కదల్లేదు.

ఆ విగ్రహం కోసం మా అవ్వ మూడేండ్లు ఊరందరి వెంటా పడింది. దారిలో చిన్న పెచ్చు లేచినా ప్రతిష్ఠకు పనికిరాదు. అదొక్కటే ఆమె దిగులు.

ట్రాక్టర్ మా ఊరి మునెప్పది. ఆయన ట్రాలీలో మందంగా వరిగడ్డి పరిచి, విగ్రహాన్ని వెల్లకిలా దింపించి, లావాటి మోకు చేతికి తీసుకున్నాడు. అంతే... అవ్వ అడ్డం నిలబడింది.

"అమ్మోరిని పండేసి తాళ్ళతో కడతావా? శవాన్ని తీసకపోతాండావా యేంది?"

"నిలబెడితే మలుపులో పడతాదవ్వా. కట్టకుండా నేను బండి తియ్యను."

మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. అరగంట గడిచింది. చివరికి మునెప్ప మెల్లగా అన్నాడు... "బిడ్డను ఉయ్యాల్లో పండేసి, పడకుండా గుడ్డ కట్టమా అవ్వా?"

అవ్వ మేము వచ్చిన జీపులోంచి తన పాత చీరల బొంత తెచ్చి విగ్రహానికి తానే కప్పి, అంచులు చుట్టూ దోపింది. దాని మీదుగా మునెప్ప మోకులు వేసి ట్రాలీ కొక్కేలకు బిగించాడు. రెండు పక్కలా ఇసుక మూటలు పేర్చాడు. ట్రాలీలో ఒక్కరినీ ఎక్కనివ్వలేదు.

వెనకాల నాయన నడిపే జీపులో మేము... ముందు ట్రాలీ నిదానంగా ఊగుతూ పోతోంది. చింతచెట్ల నీడలు బొంత మీద పాకుతున్నాయి. గడ్డిపరకలు లేచి మా అద్దం మీద వాలుతున్నాయి. గంగమ్మ నిజంగానే నిద్రపోతోందని నమ్మేశాను. గట్టిగా మాట్లాడితే లేస్తుందేమోనని, ఇంకా ఎంత దూరమో నాయనను గుసగుసగా అడిగేదాన్ని.

నాలుగైదు మైళ్ళకోసారి మునెప్ప బండి ఆపి, మోకు లాగి చూసేవాడు. "మళ్ళా యాల ఆపినాడప్పా?" అని అవ్వ సణుగుడు...

గంగవరం దాటాక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. మునెప్ప బ్రేకు తొక్కాడు. ట్రాలీ ఒక్క ఊపు ఊగింది... జీపు ఆగీ ఆగకముందే అవ్వ దిగి పరుగెత్తింది. బొంత పక్కకు లాగి ముక్కు, వేళ్ళు, కిరీటం అన్నీ తడిమింది. ఎక్కడా పెచ్చు లేవలేదు. విగ్రహం అంగుళం కూడా జరగలేదు. అవ్వ అక్కడే ఏడ్చేసింది.

కళ్ళు తుడుచుకుని మునెప్ప వైపు తిరిగింది. "ఇంగొక సుట్టు ఎయ్యప్పా... గట్టిగా."

సాయంత్రం ఊరి ముందర అందరూ హారతి పళ్ళెంతో అమ్మవారి కోసం నిలబడి ఉంటే, అవ్వ ఉప్పు, ఎండుమిరపకాయలు తెప్పించి ముందు మునెప్పకు దిష్టి తీసింది. ఆయన సిగ్గుతో తల ఎత్తలేదు.

ఇప్పుడు అదే దారిలో కుప్పం నుంచి రెండు గంటల్లో వచ్చేస్తున్నాం. ఇనుప కమ్మీలు, బండలు, వాటి మీద మనుషులు... తాడన్నది లేకుండా ట్రాలీలు దూసుకుపోతుంటే గుండె ఝల్లుమంటుంది. ఇంత తొందర మనకు ఎప్పుడు అలవాటైందో...

మీ ప్రాణంతో సమానమైనదాన్ని పదిలంగా ఇల్లు చేర్చిన మునెప్ప మీ ఊర్లో ఎవరు? పేరు చెప్పండి... మనసులోనైనా ఒకసారి దిష్టి తీద్దాం.