జహాజ్ హోటల్లో ముందు రొట్టె

మనవరాలు పెరుగులో కీరదోసకాయ తురిమి, వెల్లుల్లి నూరి కలుపుతుంటే నా చేయి దానంతటదే జొన్నపిండి డబ్బా మీదికి పోయింది. ఆ వాసన నాకు షరీఫ్ భాయ్ వాసన. ఆయన మంచివాడని చెప్పబోతే నోరు తడబడుతుంది, కాదంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టవుతుంది.

డెబ్బైల చివర ఆయన గ్రీకుల ఓడలో వంటపని మానుకుని జహీరాబాద్ తిరిగొచ్చాడు. బొంబాయి రోడ్డు పక్కన తెల్లసున్నం గోడలకు నీలం తలుపులు పెట్టి, తిండీ మందూ దొరికే చోటు తెరిచాడు. ఓడ నుంచి వచ్చినవాడని జనం దానికి జహాజ్ హోటలని పేరు పెట్టేశారు. రాత్రి లారీలు ఆగే వేళకు ఇనుప పుల్లలకు గుచ్చి కాల్చిన మాంసం, నిమ్మకాయ, ఆ కీర పెరుగు సిద్ధంగా ఉండేవి. ఓడలో వాడిన ఆకేదో ఇక్కడ దొరక్క వామాకు ఎండబెట్టి చల్లేవాడు. వెనక వంటింట్లో జొన్నరొట్టెలు కాల్చే కూలిపని నాది. ఆయన పద్ధతి మాత్రం ఎవరికీ అంతుపట్టేది కాదు. పళ్లెంలోది తినందే గ్లాసు నింపడు.

“మందు అడిగితె రొట్టె పెడ్తవేంది భాయ్?” అని ఒక డ్రైవరు గొడవకు దిగాడు.

“అక్కడ గట్లనే. జర తిను, తర్వాత పోస్త,” అన్నాడు భాయ్. అక్కడంటే గ్రీకుల దేశమనే అనుకున్నాం.

మా ఆయన బస్వరాజు కూడా లారీ డ్రైవరే, అక్కడే తాగేవాడు. నా కూలీ, ఆయన తాగుడూ ఒకే కప్పు కింద. భాయ్‌ని తిట్టుకోవాలో దండం పెట్టాలో తెలిసేది కాదు. ఒక రాత్రి మా ఆయన అల్లం లోడుతో బొంబాయి పోతూ ఆగాడు. అప్పటికే ఎక్కడో తాగి ఉన్నాడు. భాయ్ గ్లాసు ఎదురుగా పెట్టి, పోయకుండా, పళ్లెం మీద పళ్లెం తినిపించాడు. “ఇంకో రెండు కాల్చు బిడ్డా,” అని నాకు చెబుతూనే ఉన్నాడు. ఈ మనిషి ఇప్పుడు లేచి బండెక్కితే నా గతేమిటన్న ధ్యాసలో రొట్టెలు విరిగిపోయాయి. చివరికి ఆయన కడుపు నిండి బల్ల మీదే నిద్రపోయాడు. భాయ్ లారీ తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. లోడు ఆలస్యమైందని లారీ సేటు మా ఆయన్ని పనిలోంచి తీసేశాడు.

“నోటికాడి కూడు తీసినవ్ భాయ్. అమ్మేది నువ్వే, ఆపేది నువ్వే. నిన్ను ఏమనుకోవాలె?” అని అడిగాను.

“నాకు సుత ఎర్కలేదు బిడ్డా. మనిషైతె ఉన్నడు గద. పని ఇంకోటి దొరుకుతది.”

ఏడ్చాను. సంతోషమో, రేపు పొయ్యి ఎట్లా వెలుగుతుందన్న బెంగో ఇప్పటికీ చెప్పలేను. కొన్నాళ్లకు మా ఆయనకు చెరకు లారీ మీద పని దొరికింది.

ఎనభైల్లో భాయ్ చనిపోయాక, ఆయనతో ఓడలో పనిచేసిన ముసలాయన బీదర్ నుంచి పలకరింపుకు వచ్చాడు. గ్రీకుల ఊళ్లలో నిజంగా ముందు తిండే పెడతారా అని అడిగాను.

“ఆ దేశంల మేమెన్నడు దిగినమమ్మా? ఓడ వాళ్లది, గంతే. వంట ఓడల నేర్చిండు. ఓడల మటుకు గ్లాసే ముందు. షరీఫ్ సుత గట్లనే తాగెటోడు.”

మరి ఆ పద్ధతి ఎక్కడిది? అడుగుదామంటే భాయ్ లేడు.

ఇప్పటికీ పండగపూట బస్వరాజు గ్లాసు తీస్తే ముందు పళ్లెం పెడతాను. ఇదేందని విసుక్కుంటే “అక్కడ గట్లనే” అంటాను. అక్కడంటే ఎక్కడని ఆయన అడగడు, తింటాడు.