నడుము దాకా నీళ్లు

ఆళ్లగడ్డలో మా గుడికి ఆదివారం వచ్చే మనుషులకంటే బెంచీలే ఎక్కువ. పెద్దవాళ్లు ఒక్కొక్కరే సమాధుల తోటకు చేరారు. పిల్లలున్నవాళ్లు బతుకుదెరువు కోసం నంద్యాలకో కర్నూలుకో పోయారు. మిగిలినవాళ్లలో సగంమందికి హైవే పక్కన పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టిన ప్రార్థన హాలు రుచి తగిలింది. నెలకొకసారి నంద్యాల నుంచి వచ్చి ఆరాధన జరిపే అయ్యగారు కూడా రావడం మానేశాక, నేనూ నా భర్తా ఇంకో నాలుగు ముసలి ప్రాణాలూ పాటల పుస్తకాలు పట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

అప్పుడే చాగలమర్రి దారిలో అద్దె గదిలో ఆరాధన చేసుకునే ఇంకో శాఖవాళ్లకు ఆ గది పోయింది. వాళ్లది నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చే పద్ధతి. వాళ్లూ మాలాగే తరిగిపోయినవాళ్లే. మా గుడి వాడుకోమన్నాం. పొద్దున్నే మేము, మా తర్వాత వాళ్లు. మేము చెప్పులతోనే లోపలికి పోయి బెంచీల మీద కూర్చునేవాళ్లం. వాళ్లు చెప్పులు బయట విడిచి, బెంచీలు గోడకు నెట్టి, చాపలు పరిచేవాళ్లు. మా దుమ్ము ఊడ్చలేక వాళ్ల ఆడవాళ్లు సణిగేవాళ్లు, వాళ్ల డోలక్ మోతకు చెవులు పోతున్నాయని మేము సణిగేవాళ్లం. అయినా వాకిట్లో ఎదురుపడితే నవ్వుతూనే పలకరించుకునేవాళ్లం.

కొన్నాళ్లకు అందరం కలిసి ఒకటే ఆరాధన చేసుకుందామనుకున్నాం. మాకు పాస్టరు లేడు, వాళ్లకు గుడి లేదు. అంతా కుదిరింది గానీ వాళ్ల పాస్టరు ఒక్క మాట మాత్రం వదల్లేదు. అందరితో కలిసి ప్రభువు పేరిట పంచుకునే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలంటే నీళ్లలో మునగాల్సిందే. పసితనంలో నెత్తిన నీళ్లు చల్లి ఇచ్చిన మా బాప్తిస్మాలు లెక్కలోకి రావు.

ఒకసారి మునిగితే ఏం పోతుందిలే అన్నారు మావాళ్లు. మునగడానికి నాకూ అభ్యంతరం లేదు. నా బాధంతా నా పాప గురించి. వారం తిరక్కుండానే పోయిన పాప. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పిన మధ్యాహ్నం దాన్ని కొంగులో చుట్టుకుని గుడికి పరుగెత్తాను. అప్పుడున్న అయ్యగారు అన్నం ముందు నుంచి లేచి వచ్చి, రాతి తొట్టిలో నీళ్లు పోసి, పేరు పెట్టి, దాని నెత్తిన చల్లారు. మా ఊళ్లో విగ్రహాలు చెక్కే వీధిలో చేయించిన తొట్టి అది. నీళ్లు చల్లగా తగిలేసరికి పాప చిన్నగా నోరు తెరిచింది. ఈ లోకంలో దానికి జరిగిన వేడుక అదొక్కటే. ఆ తర్వాత నాకు పిల్లలు కలగలేదు.

ఆ నీళ్లు బాప్తిస్మం కాదంటే నేను మళ్లీ మునగగలను. అదెక్కడ మునుగుతుంది?

పాస్టరునే అడిగాను. "నేను మునుగుతా, అన్నా. పాపకు జరిగింది మాత్రం బాప్తిస్మమేనని ఒక్క మాట చెప్పు."

ఆయన చెడ్డవాడై ఉంటే తిట్టిపోసేదాన్ని. ఆయన నాతో పాటు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "పసిబిడ్డలకు బాప్తిస్మంతో పనే లేదక్కా. పాప దేవుని దగ్గరే ఉండాది. నువ్వేం బాధపడాకు."

"పనే లేనిదానికా నేనట్ల ఉరికినా?" అన్నాను.

ఆదివారం అందరం కాలువకు పోయాం. నా భర్త ముందే మునిగి, గట్టు మీద తల తుడుచుకుంటున్నాడు. గుడి బయట ఒంటరిగా నిలబడే ధైర్యం నాకు లేదు, ఆ కొద్దిమందే నాకు చుట్టాలు. అందుకే దిగాను. నీళ్లు నడుము దాకా వచ్చాక పాస్టరు నా వీపుకు చేయి ఆనించి, అందరినీ అడిగినట్టే అడిగాడు. "ఇదే నీ మొదటి బాప్తిస్మమని ఒప్పుకుంటాండావా అక్కా?"

"ఇది రెండోది," అన్నాను.

మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. "ఒప్పుకోకుంటే నేను ముంచలేనక్కా," అని బతిమాలాడు. గట్టు మీద నుంచి నా భర్త, "మే, ఒక్క మాటే కదా, అనెయ్," అని అరిచాడు. ఆ ఒక్క మాటే నా నోట రాలేదు. పాస్టరు చేయి తీసేశాడు. గట్టెక్కేసరికి చీర నడుము దాకా తడిసి కాళ్లకు చుట్టుకుంది, తల పొడిగానే ఉంది.

తర్వాతి ఆదివారం రొట్టె పళ్లెం నా చేతికి వచ్చింది. ఏమీ తీసుకోకుండా అలాగే పక్కనామెకు అందించాను. అప్పటికే రాతి తొట్టిని బయట కొళాయి కిందికి జరిపారు. అందులో నీళ్లు ముంచుకుని అందరూ కాళ్లు కడుక్కుంటున్నారు. నేను కాళ్లు కడుక్కోకుండానే దాన్ని దాటిపోయాను.

ఇక నాకు మిగిలింది ఒక్కరే. పాపకు బాప్తిస్మమిచ్చిన అయ్యగారు రిటైరై నంద్యాలలో ఉంటున్నారు. తానిచ్చింది బాప్తిస్మమేనని ఆయన నోటితో ఒక్కసారి అంటే, ఇంకెవరేమన్నా బతికేస్తాననుకుని బస్సెక్కాను. ఆయన వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. చేతులు పట్టుకుని అంతా చెప్పాను. ఆ మధ్యాహ్నం, నా కొంగు, ఆయన అన్నం ముందు నుంచి లేచి రావడం. శ్రద్ధగా విన్నారు.

"మంచిదమ్మా, మంచిది," అన్నారు. "నీకు పిల్లలెంతమంది?"

నేను చెప్పిందేదీ ఆయనకు నిలవలేదు. ఎవరడిగినా లేరని చెప్పే నేను, "ఒక్క పాప, అయ్యగారూ," అన్నాను.

"బాప్తిస్మం ఇప్పించినావా?"

"మీరే ఇచ్చినారు."

ఆయన మొహం వెలిగింది. నా నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేశారు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచారు.

"ఈసారి వచ్చేటప్పుడు పాపను గూడా తోడుకోని రామ్మా. చూస్తా."

"తోడుకోనొస్తా, అయ్యగారూ," అన్నాను.