ఎర్ర కారూ, ఆరు వేలూ

అరకు సంత వీధిలో స్పోర్ట్స్ కారు కొన్న కిరాణా వ్యాపారిని ఇప్పటిదాకా నేనొక్కణ్ణే. గొప్పగానే చెబుతున్నాను. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, నేలకి జానెడెత్తులో పొట్ట, వయసులో నాకంటే నాలుగేళ్ళు చిన్న. అందులో ఉప్పు బస్తా పట్టదు. వానొస్తే టాపు బిగించేలోగా వాన వెలిసిపోతుంది. జీపులే ఆయాసపడే ఘాట్ రోడ్డున్న ఊళ్ళో, తొంభైల చివర్లో, నలభై ఎనిమిది వేలు చెప్పిన ఈ వస్తువుని ఒక్క మాటతో నలభై రెండుకి దించాను. అంత తెలివి నాది.

అమ్మినవాడు మా కొట్టు ఎదుటి లాడ్జి ఓనరు. విశాఖ నుంచి షికారుకొచ్చిన ఎవరో దాన్ని ఘాట్ ఎక్కించి, మళ్ళీ దింపే ధైర్యం లేక ఇతనికి అంటగట్టి రైలెక్కేశాడు. ఏడాదిపాటు అది లాడ్జి ముందే నిలబడి ఉంటే, ఏడాదిపాటూ నేను గల్లాపెట్టె వెనక కూర్చుని దాన్నే చూశాను.

మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు బేరం వచ్చేది. చింతపండు గంప కొంటే పైన చూడొద్దు, అడుగున చెయ్యి పెట్టు అనేవాడు మా నాన్న. అమ్మేవాడి మాటలు చెవిన వేసుకోకు, వాడి వేళ్ళు చూడు, లోపలి కంగారు వేళ్ళలో కనిపిస్తుంది అనేవాడు. ఇంకోటి నేను సొంతంగా నేర్చుకున్నాను. పొద్దుటి మొదటి గిరాకీని ఉత్తచేతుల్తో పంపడానికి ఏ వ్యాపారికీ మనసొప్పదు. అందుకని ఏది కొన్నా బోణీ వేళకే వెళతాను.

వస్తున్నానని ముందురోజే కబురు పెట్టి, ఆ రోజూ మంచు విడవకముందే వెళ్ళాను. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

"ఇప్పుడే పాలకెళ్ళొచ్చేను," అన్నాడు లాడ్జి ఓనరు.

స్టార్టు చేయించాను. పిల్లి గురక పెట్టినట్టుంది. సీట్లు తట్టాను, చక్రాలు తన్నాను, కింద దూరి చూశాను. నలభై రెండు అన్నాను, నలభై అయిదు దగ్గర తెగుతుందిలే అనుకుంటూ.

"సరే, మీ మాటే కానీండి. సిన్న సిన్న పనులున్నాయి, సేయించుకోండి. అందుకే తగ్గిత్తన్నాను," అన్నాడు.

నేను వేళ్ళు చూస్తున్నాను. కదల్లేదు. మాటలంటారా, ఓడినవాడి సణుగుడు ఎవరు వింటారు!

మర్నాడు పొద్దున్న స్టార్టు చేస్తే తుపాకులు పేలాయి. ఫట్ ఫట్ ఫట్! కొట్టు ముందు కోళ్ళు చూరెక్కాయి. మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మలుపు దిగేసరికి పొగంతా మా మొహాల మీదికే వచ్చింది. ఆవిడ దిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏమండీ, ఆరు వేలు తగ్గించారు కదా! అందులోంచి నాకు జీపు టిక్కెట్టు కొనండి," అంది.

జీపుల షెడ్డులో మెకానిక్కు, నాకంటే పెద్దవాడు, బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి నవ్వాడు.

"సావుకారూ, ఈ బీడు ముక్క, పోతినుము, సూసేవా? దీన్ని మానిఫోల్డంతారు. ఇంజను పొగంతా ఇందులోకొచ్చి, ఇక్కడ్నించి సైలెన్సర్ గొట్టంలోకి పోవాలి. ఇది పగిలింది. పొగ సగం దారిలోనే తన్నుకొచ్చేత్తంది."

"మరి కొన్నప్పుడు చప్పుడు లేదేం?"

"అప్పుడు ఇంజను ఎచ్చగా ఉందేటి?"

"ఉంది. పాలకెళ్ళొచ్చానన్నాడు."

"లాడ్జీకి పాలు ఇంటికే వత్తాయి కదేటి! బీడు వేడెక్కితే ఉబ్బుతాది, పగులు మూసుకుంటాది. సల్లారితే మళ్ళీ నోరు తెరుత్తాది."

నన్ను, బోణీ వేళకి బేరానికెళ్ళే నన్ను, బోణీ వేళకే పొయ్యి వెలిగించి కూర్చుని ముంచాడన్నమాట. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. లాడ్జికి కందిపప్పు మా కొట్టు నుంచే వెళ్ళేది. పప్పు బస్తా అడుగున మిగిలిన పొడి, మట్టిబెడ్డలతో సహా తూచి పంపాను. మర్నాటికల్లా అతను కొట్టు మార్చేశాడు. అంతటితో ఊరుకున్నాడా! నా కారు కదిలినప్పుడల్లా గుమ్మంలోకొచ్చి, "తప్పుకోండర్రా, సంతలో ఇమానం దిగుతంది!" అని కేకేసేవాడు. కూరగాయలమ్మే ఆడవాళ్ళు బుట్టల మీద చేతులు కప్పి మరీ నవ్వేవారు.

ఒక శుక్రవారం నిండు సంతలో నా ఓపిక తెగింది. మోసం చేశావన్నాను. అతను తొణకలేదు.

"నా గుమ్మం ముందు నుంచి సప్పుడు లేకుండా దాటించండి. మీ కాడ తీసుకున్నదాంట్లో సగం ఎనక్కిచ్చేత్తాను. ఈళ్ళందరూ సాచ్చికం."

దాటిస్తానన్నాను. ఇరవై ఒక్క వేలు! ఆ మాటకి నాకు డబ్బు కనపడలేదంటే మీరు నమ్మరు, నమ్మొద్దు కూడా. కానీ డబ్బుకంటే ముందు కనపడింది మాత్రం, నోటు మీద నోటు లెక్కపెడుతున్న అతని మొహం.

మానిఫోల్డు ఊడదీయడానికే రెండు రోజులు పట్టింది. తుప్పు పట్టిన బోల్టులు రెండు లోపలే విరిగిపోతే డ్రిల్లు వేసి తీశాడు మెకానిక్కు. ముక్కని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, పగులు పొడుగునా వెల్డింగు పెట్టి, వేడి వేడిగా బూడిద డ్రమ్ములో పాతేశాడు. కాఫీ పొట్టు కాల్చిన బూడిద అది, మెత్తగా పిండిలా ఉంటుంది.

"రేపటిదాకా తియ్యకు. నెమ్మదిగా సల్లారాల. బేగి సల్లారితే ఒట్టి మట్టిపెంకే," అని చెప్పి భోజనానికి వెళ్ళాడు.

ఆ రోజూ శుక్రవారమే. షెడ్డుకి ఎదురుగా సంత నిండుగా ఉంది, లాడ్జి గుమ్మంలో అతను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇంకో వారం ఆగాలా? డ్రమ్ములో చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగానే ఉందనిపించింది. అది పై బూడిద. అడుగున చెయ్యి పెట్టమన్న నాన్న మాట, పెట్టాల్సిన ఒక్కచోటా గుర్తు రాలేదు. పటకారుతో ముక్కని పైకి లాగాను. కొండ గాలి తగిలింది. టింగ్‌మంది. అప్పుడే తోమిన గిన్నె మీద చెంచా తగిలినంత చిన్న చప్పుడు. పాత పగులు పక్కనే కొత్త పగులు.

మెకానిక్కు తిరిగొచ్చి చూసి తిట్టలేదు. "నీ కోపం నా బూడిదకంటే వేడి సావుకారూ," అన్నాడంతే. మళ్ళీ బొగ్గులు, మళ్ళీ వెల్డింగు. ఈసారి డ్రమ్ము మీద మూత పెట్టి, దాని మీద తనే కూర్చుని భోంచేశాడు.

రెండు కాల్పులకి ముక్క వంకర తిరిగింది. ఇంజనుకి ఆనే వైపు చదును చేయించడానికి గోనెసంచిలో వేసుకుని విశాఖలో లేతు పనివాడి దగ్గరికి రైల్లో తీసుకెళ్ళాను. ఎదుటి సీటులో పనసకాయలతో కూర్చున్న ముసలమ్మ సంచిని కాలితో తోసి చూసి, "ఏటి బాబూ అంత బరువు, దేవుడా?" అంది. కాదు, పగ అందామనుకున్నాను. "బండి సామాను," అన్నాను.

ఆ తర్వాతి శుక్రవారానికి అంతా బిగించాం. మెకానిక్కు కొత్త ప్యాకింగు రేకుని మానిఫోల్డు అంచుల మీదే పరిచి, సుత్తితో చిన్నగా కొట్టి ఆ ఆకారానికే కత్తిరించాడు. చల్లటి ఇంజను స్టార్టు చేస్తే పిల్లి గురక! ఈసారి నిజం గురక. మెకానిక్కుని పక్కన ఎక్కించుకుని, టాపు మడిచి, తల దువ్వుకుని బయల్దేరాను.

లాడ్జి ముందు నుంచి దాటాను. అతను పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తలేదు.

తిప్పుకొచ్చి మళ్ళీ దాటాను. పేజీ తిప్పాడు. కూరగాయల బుట్టల దగ్గర కూడా ఎవరూ మొహం ఇటు తిప్పలేదు. నాలుగు నెలలు నా చప్పుడు విని నవ్విన సంత, చప్పుడు లేకపోయేసరికి నన్ను గుర్తించనే లేదు.

"ఇంక షెడ్డుకి పోనీ సావుకారూ," అన్నాడు మెకానిక్కు. "దిగి నడిచొచ్చి సెప్దాం."

దిగి చెప్పడమా! నాకు కావలసింది అతని మొహం. మూడోసారి సరిగ్గా అతని గుమ్మం ముందు ఆపి, హారన్ మీద చెయ్యేసి నొక్కాను. గట్టిగా. పగంతా పోయేదాకా.

పేపరు దిగింది. అతను నన్ను చూశాడు, కారుని చూశాడు, తర్వాత సంతని చూశాడు.

"ఇన్నారా? సప్పుడు లేకుండా దాటిత్తానన్నాడు," అన్నాడు.

సంతంతా విరగబడి నవ్వింది. సాక్షులు కదా, అందరూ నిజమే చెప్పారు. హారన్ చప్పుడు కాదని నేను వాదించాను, ఆడవాళ్ళు ఇంకా నవ్వారు. పక్కనున్న మెకానిక్కు కూడా నవ్వాడు, అది మాత్రం మర్చిపోలేను.

ఆ సాయంత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చుని, పందెంలో పోయిన ఇరవై ఒక్క వేలకి అతని మీద ఇంకేం చేయాలా అని ఆలోచిస్తూ లెక్క రాశాను. మొదటి వెల్డింగు ఆరు వందలు. నా తొందరకి రెండో వెల్డింగు మరో ఆరు వందలు. లేతు మూడు వందల యాభై. బోల్టులు రెండు వందల ఎనభై. ప్యాకింగు నూట ఇరవై. రైలు ఛార్జీలు అరవై. మెకానిక్కు కూలి పదిహేను వందలు. మట్టిబెడ్డలు తూచినందుకు పోయిన లాడ్జి గిరాకీ మీద నాలుగు నెలల లాభం పదహారు వందలు.

మా ఆవిడ భుజం మీంచి చూసి, "ఆరు వేలు తగ్గించారు కదా, అది రాయరా?" అంది.

రాశాను. చిన్న చిన్న పనులున్నాయి, అందుకే తగ్గిస్తున్నానని అతను అన్న మాట అప్పుడు, నాలుగు నెలలు ఆలస్యంగా, నా చెవిన పడింది. ఖర్చు మొత్తం అయిదు వేల నూట పది. అతను ముందే వదులుకున్నది ఆరు వేలు. నా తొందరా, నా మట్టిబెడ్డలూ పోను కూడా నాకే మిగులు, ఎనిమిది వందల తొంభై రూపాయలు. ఆ ఎనిమిది వందల తొంభైకి గాను అతన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.