కట్టుగుడ్డతో కొలిచిన ఫ్యాన్ బెల్టు

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, ఆర్.కె. పురం క్వార్టర్లలో మా పై అంతస్తు అంకుల్‌కు ఒక పాత కారు, దానికి మించిన అతిశయం ఉండేవి. ఆఫీసులో మా నాన్నకు పై అధికారి కాబట్టి లోకంలో అన్నీ నాన్న కంటే తనకే ఎక్కువ తెలుసని ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకమూ అదే.

అప్పుడే మా అమ్మమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కుదుపులు తగిలితే కుట్లు ఊడతాయని, ఇంటికి ఆటోలో తీసుకెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అంకుల్ కారు తెస్తానన్నారు. ముందురోజే ఫ్యాన్ బెల్టు స్వయంగా మార్చారట. పాత బెల్టును దుకాణానికి పట్టుకెళ్లి, సరిగ్గా దానంత పొడవున్నదే ఎంచి తెచ్చానని దారి పొడుగునా నాకూ నాన్నకూ చెప్పారు. ఏళ్ల తరబడి సాగిపోయిన బెల్టును కొలతగా తీసుకున్న ఆ తెలివి ఎంతటిదో ఆసుపత్రి గేటు దాటగానే బానెట్‌లోంచి లేచిన ఆవిరి చెప్పింది. డైనమోను చివరిదాకా జరిపి బిగించినా బెల్టు జారుతూనే ఉంది. బెల్టు జారితే నీళ్ల పంపు తిరగదు, ఇంజను చల్లబడదు. పైన వార్డులో అమ్మమ్మ కంటికి కట్టుతో ఎదురుచూస్తోంది.

డ్యూటీ దిగి వస్తున్న మా పక్కింటి ఆంటీ మమ్మల్ని చూసి ఆగారు. ఆవిడ అక్కడే నర్సు. వాళ్ల నాన్న కాకినాడలో లారీ మెకానిక్. ఒకసారి చూస్తానన్నారు.

"ఇది ఇంజన్ సిస్టర్, ఇంజెక్షన్ కాదు" అన్నారు అంకుల్.

ఇంజను చల్లారాక ఆంటీ, తర్వాత బిగించడానికి చోటుండేలా డైనమోను నడిమికి జరిపించి, సంచిలోంచి గాయాలకు కట్టే కట్టుగుడ్డ తీసి, బెల్టు వెళ్లే దారినే పుల్లీల చుట్టూ తిప్పి, కొస కలిసినచోట పెన్నుతో గీత పెట్టారు. నాన్న ఆ గుడ్డ పట్టుకుని ఎదుటి దుకాణానికి వెళ్లి అంత పొడవు బెల్టు తెచ్చారు. అంకుల్ దాన్ని వీణ తీగలా బిగించబోయారు.

"అంత బిగిస్తే బేరింగు పోతుందండీ. చేతికి కట్టు కడితే రక్తం ఆడొద్దా? ఇదీ అంతే" అంటూ ఆంటీ రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కారు. బెల్టు అరంగుళం దిగింది. "ఇక చాలు."

అమ్మమ్మ క్షేమంగా ఇల్లు చేరింది. మరుసటి ఆదివారం అంకుల్ కాలనీవాళ్లకు కట్టుగుడ్డ కొలతను తన ఉపాయంగా వివరిస్తూ కనిపించారు. సిగ్గన్నది ఆయన దగ్గర స్పేర్‌లో కూడా లేదు.

అందాజుగా పని కానిచ్చేవాళ్లంటే ఆనాటి నుంచీ నాకు చిన్నచూపే. వాయుసేనలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాకా, కొలవకుండా ఏదీ బిగించలేదు. మొన్న, ఆనాడు రాసుకున్న డైరీ తీశాను. అంకుల్ మూర్ఖత్వం మూడు పేజీలు, బొటనవేలి అరంగుళంతో సహా ఉంది. ఇంజెక్షన్ మాటకు ఆయనతో పాటు నేనూ పగలబడి నవ్వానని, ఆంటీ నావైపు ఒక్కసారి చూసి ఇంజను మీదికి వంగారని మాత్రం ఎక్కడా లేదు.