పొట్టి బ్రేకు పైపు

తాడేపల్లిగూడెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న మెకానిక్ కుదురుగా ఉండలేకపోతున్నాడు. కొల్లేరు చేపల చెరువు గట్ల మీద తిరిగే పికప్ ముందు భాగం మొత్తం విప్పి, పాత జీపు తాలూకు గట్టి ఇరుసు బిగించి, పొద్దున్నే పంపించేశాడట.

"బ్రేకు పైపు పాతదే ఉంచేశానండీ. బండి నేలమీదుండగా కొలిచాను. జాకీతో లేపి, చక్రాలు వేలాడుతుండగా కొలవాలండీ. ఇప్పుడు గుంటలో చక్రం దిగితే పైపు పొడుగు చాలక..." అంటూ తువ్వాలును రెండు పిడికిళ్ల మధ్య బిర్రుగా లాగాడు.

ఆ పికప్ డ్రైవరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు.

"గట్టుకి రెండు పక్కలా నీళ్లేనండీ," అన్నాడు. భీమడోలులో బస్సు ఆగీ ఆగకముందే దూకి పరిగెత్తాడు.

డ్రైవరు ఫోనెత్తాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ బస్సు చక్రం గుంటలో దిగితే చాలు, నా కుడి పాదం అక్కడ లేని బ్రేకును తొక్కుతుంది.