గొడ్లకొట్టంలో వెలిగిన దీపాలు

ఎంకపల్లి ప్రేమదాసుకు కాలిన వార్నిషు వాసనంటే చచ్చేంత అసహ్యం. ముసలితనంలో కూడా మొయినాబాద్ రోడ్డు మీద ఎవరైనా తలుపులకు వార్నిషు పూస్తుంటే ముక్కు మూసుకొని అవతలి పక్కనుంచి నడిచేవాడు. ఆ వాసన ఆయనకు అంటుకున్నది చేవెళ్ల దారిలో ఒక దొర తోటలో.

1938 ప్రాంతంలో ఆ దొర పట్నం నుంచి నూనెతో నడిచే కరెంటు మిషను తెప్పించాడు. చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటికి కరెంటు లేదు. ప్రేమదాసు అంతకు ముందు పాదిరిగారి కారు నడిపినవాడు కాబట్టి ఆయనను మిషను దగ్గర పెట్టారు. జీతం అంతంత మాత్రమే. అయినా ఒప్పుకున్నాడు. క్రైస్తవుల వాడలో ఉన్న రెండు గదుల దవాఖానకు కూడా తీగ లాగుతామన్నారు. అక్కడ కాన్పులు చేసేది ఆయన భార్య విమలమ్మ. ఎవరో ఒకరు కిరసనాయిలు బుడ్డి పట్టుకొని నిలబడితే, ఆ మసి వెలుతురులో ఆమె బొడ్డు కోసేది.

తీగ లాగింది దయతో కాదు. మిషను నుంచి మూడు తీగల మీద కరెంటు పోతుంది, నాలుగో తీగ మీద తిరిగి వస్తుంది. మూడింటి మీదా బరువు సమానంగా ఉండాలి. పట్నం ఇంజనీరు దొరకు అది వంటింటి భాషలో చెప్పాడు.

"మూడు రాళ్ళ మీద కుండ పెడ్తరు గద దొరా. ఒక రాయి కుంగితే కుండ ఒరుగుతది. గిదీ గంతే. బరువంత ఒక్క తీగె మీదేస్తే లోపల తిరిగే గుండు వేడెక్కి మాడిపోతది."

అందుకని మొదటి తీగ బంగళాకు, రెండోది లెక్కలు చూసే కచేరీకి, మూడోది వాడలోని దవాఖానకు, బడికి, వీధి స్తంభాలకు. తేడా మరీ ఎక్కువైతే కరెంటును తనంతట తానే తెంపేసే రిలే ఒకటి గోడకు బిగించి ఇంజనీరు వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలమంతా దవాఖానలో దీపం వెలిగింది. తల్లి ముఖం, బిడ్డ ముఖం ఒకేసారి చూడగలుగుతున్నానని విమలమ్మ వాడంతా చెప్పుకుంది.

ఒకరోజు దొర తల్లి, పెద్ద దొరసాని, ప్రేమదాసును వాకిట్లో నిలబెట్టి అడిగింది.

"ఏమిరా, ఈ కరెంటు పోయింది పోయినట్టేనా, మళ్ళొస్తదా?"

"మళ్ళొస్తది దొరసానీ. నాలుగో తీగె మీద."

"అందరిదీ దాని మీదనేనా?"

"అవు."

"మీ వాడది గూడ?"

ప్రేమదాసు తల దించుకొని ఊపాడు. ఆమె లేచి నిలబడింది.

"ఛీ! మీ కాన్పుల కాడికి పోయొచ్చిన కరెంటు నా దేవునర్రల దీపానికొస్తదా? ఎన్ని దినాల సంది గిట్ల మైల పడుతున్నదిరా ఇల్లు!"

దొర ఇంజనీరును పిలిపించాడు. మూడు తీగలూ సమానంగా ఉంటే నాలుగో దాని మీద ఎవరిదీ తిరిగి రాదనీ, వాడ తీగ తెంపితేనే వస్తుందనీ ఆయన చెప్పాడు.

"ఏమీ రానిదానికి తీగె ఎందుకు గట్టినవయ్యా?" అన్నది దొరసాని. అంతటితో తీర్పు అయిపోయింది. వాడ తీగ తెంపేశారు. విమలమ్మ మళ్ళీ బుడ్డి తుడుచుకుంది.

మిషను గురగురమంటూ నడిచింది. దొర బిడ్డ పెండ్లికి బంగళా నిండా దీపాల తోరణాలు కట్టారు. అన్నీ మొదటి తీగ మీదే. భోజనాల బంతి మొదలయ్యే వేళకు రిలే పడింది. పందిరి చీకటైంది. ప్రేమదాసు మీట ఎత్తితే మళ్ళీ పడింది.

"దాన్ని కట్టెయ్ రా!" అని దొర అరిచాడు.

"కడ్తే మాడుతది దొరా. నాతోని గాదు."

గుమాస్తా నర్సింహులు ప్రేమదాసును పక్కకు నెట్టి, పెండ్లి పళ్ళెంలోని పసుపుదారంతో మీట పడకుండా కట్టేశాడు. దీపాలు వెలిగాయి. కాసేపటికి వాసన మొదలైంది. వార్నిషు, వెంట్రుకలు కలిపి కాల్చినట్టు కంపు. జనం ఒక చేత్తో ముక్కు మూసుకొని రెండో చేత్తో లడ్డూలు తిన్నారు. ఒక్కరూ లేవలేదు. చివరికి ఇంజన్ గదిలోంచి నల్లటి పొగ వచ్చి పందిరంతా కమ్ముకుంది.

"మాదిగోని చెయ్యి తగిలితే ఇనుము గూడ మాడ్తది!" అన్నాడు దొర. బంతి బంతంతా నవ్వింది. మూతులకు నెయ్యి కారుతుండగా నవ్వారు.

ఇంజనీరు మళ్ళీ వచ్చి మాడిన దారాన్ని చిటికెన వేలితో తీసి పారేశాడు. తీగలు కొత్తగా చుట్టించాడు. మాడినవన్నీ గీకి తీసింది ప్రేమదాసే; ఎంత కడిగినా ఆ కంపు చేతులను వదల్లేదు. రిలేను ఇంకా సున్నితంగా బిగించి, మూడో తీగ మీద బరువు లేకపోతే మిషను నడవదని తెగేసి చెప్పాడు. ప్రేమదాసుకు ఆశ పుట్టింది. ఇక వాడకు ఇవ్వక తప్పదు.

దొర గడ్డం గోక్కున్నాడు. "బరువే గావాలె గద? గొడ్లకొట్టంల పెట్టు దీపాలు."

ఇంజనీరు ఒక్క క్షణం దొర ముఖంలోకి చూశాడు. తర్వాత తల వంచుకొని, "బరువైతే చాలు" అన్నాడు.

కొట్టంలో పెద్ద పెద్ద బల్బులు వేలాడదీశారు. మొదటి సాయంత్రం మీట వేసింది ప్రేమదాసే. బర్రెలు బెదిరి వెలుతురుకు వీపు తిప్పాయి. పురుగులు కుప్పలుగా పేడలో రాలాయి.

"అన్నా, మా బర్రెలకిగ సదువొస్తది!" అన్నాడు పసులకాపరి ఎల్లయ్య. తన మాటకు తనే నవ్వబోయి, ప్రేమదాసు ముఖం చూసి ఆగాడు. "మీ వాడ అంతమ్మను దవాఖానకు మోసుకపోయిన్రు. నొప్పులట."

కొట్టం గోడ మీంచి వాడ కనిపిస్తుంది. దవాఖాన కిటికీలో ఎర్రటి బుడ్డి వెలుగు, అటూ ఇటూ కదులుతోంది. ప్రేమదాసు గోడ దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. కొట్టం మీట దించేశాడు.

రిలే పడింది. ఈసారి దాన్ని కట్టడానికి పసుపుదారం ఎవరి చేతిలోనూ లేదు. బంగళా, కచేరీ, అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

"ఎవడ్రా వాడు?" బంగళా వైపు నుంచి దొర కేక.

"నేనే దొరా."

"ఎందుకు బంద్ జేసినవురా?"

"బర్రెలు పండుకుంటయట దొరా."

ఎల్లయ్య నోట్లో తువాలు కుక్కుకున్నాడు. ప్రేమదాసు ఇంజన్ గది తాళంచెవిని కుడితి తొట్టిలో వేసి బయటికి నడిచాడు. మర్నాటి నుంచి ఇంకొకడు వచ్చి బర్రెల దీపాలు వేశాడు. దొర బతికినంత కాలం అవి వెలిగాయి.

మీట దించిన ఆ సాయంత్రం దవాఖానలో బుడ్డి పట్టుకున్నది ప్రేమదాసే.

"జర పైకి వట్టు," అన్నది విమలమ్మ తల ఎత్తకుండా. "నీ చేతులేంది గింత మాడు కంపు?"

ఆయన బుడ్డిని ఇంకొంచెం పైకెత్తాడు.