తేమ యంత్రానికి గాజుగది

మ్యూజియం నేలమాళిగలో సీతాకోకచిలుకల సొరుగులను ఇరవయ్యారేళ్లుగా కాపాడుతున్నావిడను అందరూ పురుగులమ్మ అంటారు. చాటున కాదు, మొహం మీదే. ఆవిడా పలుకుతుంది.

ఆ వానాకాలం, గాలిలో తేమ లాగేసే యంత్రం మూలన పడింది. మూడో రోజుకే ఒక సొరుగులో రెక్కల మీద తెల్లటి బూజు కనిపించింది. నూరేళ్ల కిందట పట్టిన సీతాకోకచిలుకలవి. మళ్లీ పట్టి తెద్దామన్నా ఆ అడవే లేదు. ఆవిడ డైరెక్టరు గదికి పరుగెత్తింది.

"మరమ్మతులకి పద్దు లేదమ్మా," అన్నాడాయన.

జాతీయ సంస్థ కదా, ప్రభుత్వం జీతాలిస్తుంది. దాతలు ప్రదర్శనలకిస్తారు. పేరు చెక్కించుకున్నా చదివే దిక్కులేని నేలమాళిగకు ఎవరూ ఇవ్వరు.

"బూజుకి మన పద్దులు తెలీవు కదండీ!"

"అర్జీ పెట్టండి. వచ్చే ఏడాది చూద్దాం."

బయటికొస్తుంటే పద్దుల గుమాస్తా గొంతు తగ్గించి పిలిచాడు. "మరమ్మతని ఎందుకు రాస్తావక్కా? పాతకాలపు యంత్రాన్ని ప్రదర్శనకి సిద్ధం చెయ్యాలని రాయి. ఆ డబ్బు మురుగుతోందిక్కడ."

రాసింది. నాలుగు రోజుల్లో మెకానిక్కు వచ్చాడు, యంత్రం తిరిగింది, రంగు కూడా వేశారు. ఐదో రోజు నలుగురు మనుషులొచ్చి దాన్ని పైకి మోసుకుపోయారు. ప్రదర్శన వస్తువాయె! హాలు మధ్య గాజుగది కట్టి అందులో పెట్టారు. దాత పేరు యంత్రం కంటే పెద్దది. గాజుగదిలో తేమన్నది లేదు. కింద బూజు రెండో సొరుగెక్కింది.

పురుగులమ్మ ఈసారి అర్జీ పెట్టలేదు. సొరుగులన్నీ ఒక్కొక్కటే పైకి మోసి, యంత్రం చుట్టూ పేర్చి, "అనుబంధ ప్రదర్శన" అని కాగితం అంటించింది. డైరెక్టరు మురిసిపోయి దాతను పిలిచి మరీ చూపించాడు. సొరుగులతో పాటు కుర్చీ, భూతద్దం, ఆవిడా లోపలే. జనం గాజుకు ముక్కులానించి చూశారు.

వారం తర్వాత, ఆవిడ ఇంట్లో మరిచిన అన్నం క్యారేజీ పట్టుకుని భర్త వచ్చాడు.

"ముప్పై ఏళ్లు ఊరికే చూశాను. ఇవాళ నిన్ను చూడ్డానికి టికెట్టు కొన్నానే!"

"చాల్లెండి వేళాకోళం. బూజు ఆగింది, అది చూడండి. ఆ క్యారేజీ ఇలా ఇవ్వండి."

గాజుతలుపు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "బోర్డు చూళ్లేదా బాబుగారూ? ప్రదర్శనలో ఉన్నవాటికి తిండి పెట్టకూడదండీ."